కాన్పుకు ముహూర్తం ఏ శాస్త్రం పెట్టింది?

నెలలు నిండిన కోడలున్న ఇంట్లో ఇప్పుడు రెండు తేదీలు తిరుగుతుంటాయి. ఒకటి మాతా శిశు సంరక్షణ కార్డు మీద ఏఎన్‌ఎం రాసిచ్చింది. చివరి నెలసరి నుంచి లెక్కగట్టి, స్కానింగ్‌తో సరిచూసిన తేదీ. అటు వారం, ఇటు వారం జరగొచ్చని రాసినవాళ్ళే చెబుతారు. రెండోది పంచాంగం చూపించి తెచ్చుకున్న చీటీ మీదది. తిథి, నక్షత్రం, లగ్నం, గంటా నిమిషాలతో సహా ఉంటుంది. అది అటూ ఇటూ జరగడానికి వీల్లేదు. దాన్ని నిలబెట్టాలంటే డాక్టరు కత్తి పట్టాల్సిందే.

ముహూర్తం కాన్పుల మాట ఎప్పుడొచ్చినా అది వైద్యానికీ మూఢనమ్మకానికీ మధ్య తగాదాగా మారిపోతుంది. డాక్టర్లు అంకెలు చెబుతారు. ఇంటి పెద్దలు తలూపుతారు. చీటీ మాత్రం కొంగుముడిలో భద్రంగా ఉంటుంది. పుట్టిన ఘడియే బతుకంతా వెంట వస్తుందని నమ్మే ఇంటికి, మంచి ఘడియ అందుబాటులో ఉండి కూడా బిడ్డకు ఇవ్వకపోవడం తప్పనిపిస్తుంది. ఆ ఆరాటంలో ప్రేమ ఉంది. ప్రేమకు అంకెలతో జవాబు చెప్పలేం. నమ్మకం లోపలికే వెళ్ళి అడగాలి: కర్మనూ దైవాన్నీ శాస్త్రాన్నీ నమ్మే మనిషి, ఆ నమ్మకంతోనే కాన్పుకు ముహూర్తం పెట్టించవచ్చా?

ఈ ప్రశ్న అడగడానికి తొర్రూరు తగిన చోటు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీదున్న ఈ ఊరు చిరకాలం వరంగల్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల విభజనతో మహబూబాబాద్ జిల్లాలో చేరింది. చుట్టూ వరి, పత్తి, మిరప పండించే పల్లెలు, లంబాడీ తండాలు. కాన్పు కష్టమైతే వరంగల్‌లోని సీకేఎం ఆస్పత్రికో, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రికో బండి కట్టాలి. నొప్పులతో ఉన్న మనిషికి ఆ దారి చిన్నది కాదు. ఇదే నేలకు ఇంకో గుర్తింపూ ఉంది. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, ఓరుగల్లు ప్రజలు పోతన సొంతూరుగా చెప్పుకునే బమ్మెర ఇక్కడికి దగ్గరే. పుట్టుక గురించి, దైవం గురించి ఇక్కడివాళ్ళు బయటి నుంచి ఆలోచనలు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

ముందు జరిగిన మేలు చెప్పుకోవాలి. అయిదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019-21 నాటి లెక్క ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 2014-16లో 81 ఉంటే, 2018-20 నాటికి 43కు తగ్గాయి. ఇది ఏ ఒక్కరి ఘనతా కాదు. గడప గడపకూ తిరిగి ఎవరికి నెల తప్పిందో తెలుసుకునే ఆశ కార్యకర్త, బీపీ చూసి ఐరన్ మాత్రలిచ్చే ఏఎన్‌ఎం, 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెడుతున్న అంగన్‌వాడీ టీచరు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చే 108 డ్రైవరు, 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం, కాన్పు గదిలోని స్టాఫ్ నర్సు, మత్తు డాక్టరు. వీళ్ళలో ఎవరు లేకపోయినా ఆ అంకె అంత తగ్గేది కాదు. పెత్తనం ఒకరి చేతిలో లేకుండా ఎవరి వంతు బాధ్యత వాళ్ళు మోసిన చోట తల్లులు బతికారు.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. దేశం మొత్తం మీద సగటు 21.5. జనాభా స్థాయిలో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తేల్చి చెప్పింది. అవసరమైన కోత ప్రాణం పోస్తుంది. అందులో అనుమానం లేదు. అవసరం లేని కోతకు మాత్రం తల్లి శరీరం మూల్యం చెల్లిస్తుంది. రెండో కాన్పులో మాయ పాత గాటు మీద అతుక్కుంటే రక్తం కట్టలు తెంచుకుంటుంది. ఆ సర్వే నాటికి రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నవాళ్ళే. అలాంటి ఒంటికి రక్తస్రావం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. బిడ్డకూ నష్టమే. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా కోసి తీసిన బిడ్డల్లో ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. మంచి లగ్నం కోసం వారం పది రోజులు ముందుకు జరిపిన బిడ్డ మొదటి రోజులు తల్లి పక్కలో గాక పసిపిల్లల ఐసీయూలో గడపాల్సి రావచ్చు.

నిజానికి ఇన్ని కోతలకు ముహూర్తమే కారణం అనడం అన్యాయం. నొప్పులంటే భయం, మొదటి కాన్పు కోత అయితే రెండోదీ కోతేనన్న అలవాటు, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే సిబ్బంది లేకపోవడం, ఆస్పత్రుల ఆదాయం, డాక్టర్ల మీద దాడుల భయం, అన్నీ కలిశాయి. అయితే ముహూర్తానికి ఒక ప్రత్యేకత ఉంది. మిగతా కారణాలను ఎవరూ గర్వంగా చెప్పుకోరు. ముహూర్తాన్ని మాత్రం పుణ్యంలా చెప్పుకుంటారు. అందుకే దాన్ని ధర్మం దగ్గరే నిలదీయాలి.

మొదటి చిక్కు జ్యోతిషంలోనే ఉంది. జాతకం కర్మను తయారు చేయదు, వెనకటి జన్మల్లో కూడబెట్టుకున్న మంచిచెడులు ఎప్పుడు ఎలా పండుతాయో చూపిస్తుంది. వరాహమిహిరుడి కాలం నుంచీ ఈ శాస్త్రం తన గురించి చెప్పుకుంటున్న మాట ఇదే. ఆయన బృహజ్జాతకంలో గర్భం నిలవడం గురించి ఒక అధ్యాయం, జననం గురించి వేరే అధ్యాయం ఉన్నాయి. రెండింట్లోనూ జరిగినదాన్ని చదవడమే గానీ జరగాల్సినదాన్ని కత్తితో జరిపించడం లేదు. బిడ్డ తల కనిపించిన క్షణమా, నేల తాకిన క్షణమా, బొడ్డు కోసిన క్షణమా, ఏది అసలు జన్మకాలం అని జ్యోతిష్కులు తర్కించుకున్నారు. ఆ తర్కమంతా బిడ్డ తనంత తాను వస్తుందన్న నమ్మకం మీద నిలిచింది. కర్మ పక్వమైన ఘడియలో జీవుడు భూమ్మీదికి వస్తాడని నమ్మితే, ఆ ఘడియను ఇంటివాళ్ళు ఎంచడం కుదరదు. ఎంచగలరని నమ్మితే, ఆ ఘడియ జీవుడి కర్మను చూపిస్తుందన్న మాట నిలవదు. రెంటిలో ఏదో ఒకటే పట్టుకోవాలి.

కొందరు పెద్దలు దీనికి గట్టి జవాబే చెబుతారు. దైవం ఒక్కటే చాలదు, పురుషకారమూ కావాలని మన శాస్త్రాలే అంటున్నాయి కదా. పెళ్ళికి, గృహప్రవేశానికి, దుకాణం తెరవడానికి ముహూర్తం చూసేవాళ్ళం బిడ్డ పుట్టుకకు చూస్తే తప్పేంటి? ఇది తోసిపారేసే మాట కాదు. మనిషి ప్రయత్నం చేయాల్సిందే. కాని ఆ ప్రయత్నం ఎవరి ఒంటి మీద జరుగుతోంది? పెళ్ళి ముహూర్తానికి పెళ్ళికొడుకు రాత్రి నిద్ర చెడగొట్టుకుంటాడు, అంతే. కాన్పు ముహూర్తానికి ఇంకొకరి పొట్ట కోస్తారు. ఫలం ఆశించేది ఇల్లంతా, గాటు పడేది ఒక్కతికి. పురుషకారం చూపడానికి తొమ్మిది నెలలు ఉన్నాయి: నాలుగు సార్లకు తగ్గకుండా చెకప్, ఐరన్ మాత్రలు, కడుపు నిండా తిండి, పని తగ్గించడం, బీపీ షుగరు చూపించుకోవడం. ఆ ప్రయత్నాలన్నీ వదిలేసి చివరి గంట మీదే శాస్త్రం మోపితే దాన్ని పురుషకారం అనలేం.

మన సంప్రదాయం పుట్టుకను ఎలా చూసిందో తెలుసుకోవాలంటే షోడశ సంస్కారాల వరస చూస్తే చాలు. గర్భాధానం, పుంసవనం, సీమంతం, ఆ తర్వాత జాతకర్మ, నామకరణం, అన్నప్రాశనం. వీటిలో చాలావాటికి మంచి రోజులు చూడమన్నారు. సీమంతానికీ జాతకర్మకూ మధ్య, సరిగ్గా కాన్పు ఉండాల్సిన చోట, ముహూర్తం లేదు. మర్చిపోయి వదిలేసిన ఖాళీ కాదది. బృహదారణ్యకోపనిషత్తు చివరి అధ్యాయంలో నొప్పులు పడుతున్న స్త్రీ మీద నీళ్ళు చల్లి సుఖంగా కాన్పు కావాలని మంత్రం చెప్పే విధి ఉంది. ఋగ్వేదం అయిదో మండలం 78వ సూక్తం చివర కూడా తల్లీబిడ్డల క్షేమం కోరే ప్రార్థన ఉంది. నొప్పులు వస్తే ప్రార్థించమన్నారు. నొప్పుల్ని రప్పించమనలేదు, తప్పించమనలేదు.

చరక సంహిత ఇంకా స్పష్టంగా ఉంటుంది. శారీర స్థానం ఎనిమిదో అధ్యాయంలో తొమ్మిదో నెల రాగానే మంచి రోజు, మంచి నక్షత్రం చూసి గర్భిణిని సూతికాగారంలోకి తీసుకెళ్ళమన్నాడు చరకుడు. అంటే ముహూర్తం ఉంది. కాని అది కాన్పు గదిలో అడుగు పెట్టడానికి. అక్కడ చేరాక ఏం చేయాలి? నొప్పుల కోసం ఎదురుచూడాలి. నొప్పి రాకుండా ముక్కవద్దని, అకాలంలో ముక్కితే బిడ్డకు చేటని ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. సుశ్రుతుడిదీ అదే మాట. రెండు వేల ఏళ్ళ కిందటి వైద్యులు కాలం చూడటానికీ కాలాన్ని తోసెయ్యడానికీ తేడా గుర్తించారు.

ఆ గదిలో ఎవరెవరు ఉండాలన్నాడో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. చాలామంది బిడ్డల్ని కన్న స్త్రీలు, గర్భిణి అంటే ప్రేమ ఉన్నవాళ్ళు, కష్టానికి ఓర్చుకునేవాళ్ళు, ధైర్యం చెప్పగలవాళ్ళు ఆమె చుట్టూ ఉండాలి. అథర్వవేదం తెలిసిన బ్రాహ్మణులూ ఉండాలి. పురోహితుణ్ణి బయటికి పంపలేదు చరకుడు, లోపలే కూర్చోబెట్టాడు. అతని పని శాంతి కోరడం. గంట నిర్ణయించడం కాదు. నడిపించే మనిషి ఒక్కడే ఉండాలన్న ఊహే అక్కడ లేదు. అనుభవం ఉన్న ఆడవాళ్ళు, వైద్యం తెలిసినవాళ్ళు, మంత్రం తెలిసినవాళ్ళు ఒక చోట చేరి, ఆ స్త్రీ ఒళ్ళు ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు సాయం పడతారు. ఆరోగ్య శాఖలు ఇవాళ కార్యశాలలు పెట్టి నేర్పుతున్న ఉమ్మడి బాధ్యత ఇదే కదా.

చెడు నక్షత్రంలో పుడితేనో అన్న భయం మిగిలే ఉంటుంది. ఆ భయానికి కూడా సంప్రదాయం ఎప్పుడో దారి చూపింది. మూల, ఆశ్లేష, జ్యేష్ఠ నక్షత్రాల్లో పుట్టిన బిడ్డకు శాంతి చేయిస్తారు. శాంతి అన్నది ఉందంటేనే అర్థం, ఏ ఘడియలో వచ్చిన బిడ్డనైనా ఒళ్ళోకి తీసుకోవాలని మన పెద్దలు ముందే నిశ్చయించుకున్నారని. అష్టమి, నవమి పనులకు పనికిరావని తెలుగు ఇళ్ళలో పట్టింపు. రాముడు నవమి నాడు పుట్టాడు. కృష్ణుడు అష్టమి నాడు, అర్ధరాత్రి, చెరసాలలో. అదీ రోహిణిలో, మేనమామకు గండమని ఇప్పటికీ బెదిరిపోయే నక్షత్రంలో. పోతన భాగవతం దశమ స్కంధాన్ని తరతరాలుగా భక్తితో చదువుకున్న ఈ నేల మీద, ఆ దేవకి కాన్పును అష్టమి దాటేదాకా ఆపి ఉంటే బాగుండేదని ఎవరూ అనుకోలేదు.

పాలకుర్తి సోమనాథుడి దారి ఇంకా తెగువైనది. ఆయన బసవ పురాణంలో బసవడు తల్లి మాదాంబ కడుపులో మూడేళ్ళు ఉన్నాడు. తల్లడిల్లిన తల్లికి కలలో ఊరట దొరుకుతుంది. తొందర పెట్టడం మాత్రం జరగదు. పురాణాన్ని వైద్యానికి వాడుకోకూడదు గానీ, బిడ్డ రాకను శివుడికి వదిలిన భావం అందులో ఉంది. సోమనాథుడు పాడిన వీరశైవం పంచసూతకాలను తోసిపుచ్చింది. వాటిలో జనన సూతకం ఒకటి. కాన్పు అంటరాని వ్యవహారం కాదని, బాలింత మైల మనిషి కాదని ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట ఈ పక్క ఊరి కవి నమ్మాడు. బాలింతను మూల గదిలో ఉంచి, ముర్రుపాలు పిండి పారబోసిన ఇళ్ళు ఆయన మాట విని ఉంటే ఎంత బాగుండేది.

హిందువుల ఇళ్ళ పక్కనే మిగతావాళ్ళూ బిడ్డల్ని కంటున్నారు. తండాల్లో ఆ ఏడాది పుట్టిన మగబిడ్డకు హోలీ వేళ ధూండ్ వేడుక చేస్తారు. ఏ ఘడియలో పుట్టినా వేడుక హోలీకే. ముస్లింల ఇళ్ళలో బిడ్డ చెవిలో అజాన్ వినిపిస్తారు, ఏడో రోజు అఖీఖా చేస్తారు. ఎప్పుడు పుడితే అప్పటి నుంచే లెక్క. తెలంగాణ ఇళ్ళలో పురుడు, ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుక కూడా పుట్టుక వెంట నడిచేవే. అయితే ఎంచుకునే జబ్బు ఒక్క పంచాంగానిదే అనుకోకూడదు. 12-12-12 లాంటి తేదీల కోసం కోతలు అడిగినవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. 2024 జనవరి 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ రోజునే బిడ్డ కావాలని కాన్పూర్‌లోని గణేశ్ శంకర్ విద్యార్థి వైద్య కళాశాల ఆస్పత్రికి గర్భిణుల నుంచి వినతులు అందాయి. భక్తి అంత గాఢంగా ఉన్న ఇంటికి ఒక మాట గుర్తు చేయాలి. ఆ రాముడు పన్నెండో నెలలో పుట్టాడని వాల్మీకి రామాయణం చెబుతోంది. కౌసల్యను ఎవరూ తొందర పెట్టలేదు.

మరి దీన్ని మార్చేది ఎవరు? 2022లో అప్పటి వైద్యారోగ్య మంత్రి టి. హరీశ్ రావు ముహూర్తం కోతలు మానాలని బహిరంగంగా కోరారు. పురోహితుల సాయమూ అడిగారు. ఆ అడగడంలో మర్యాద ఉంది, తెలివీ ఉంది. అదే ఏడాది సర్కారు దవాఖానల్లో సాధారణ కాన్పుకు ఇచ్చే ప్రోత్సాహకాన్ని డాక్టరు ఒక్కరికే కాకుండా నర్సు, ఏఎన్‌ఎం, ఆయా, ఆశ అందరికీ పంచేలా పెట్టారు. సహజ కాన్పు రాత్రంతా కనిపెట్టుకుని ఉండే జట్టు పని కాబట్టి అది సరైన ఆలోచన. అంతకు ముందే, 2017లో, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. నర్సులకు ఏడాదిన్నర పాటు సహజ కాన్పు నేర్పే ఈ ప్రయత్నం వెనుక డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ పట్టుదల ఉంది. కాన్పు గదిలో డాక్టరు అధికారాన్ని మిడ్‌వైఫ్‌తో పంచుకోవాలని ఒక ప్రసూతి వైద్యురాలే వాదించడం చిన్న విషయం కాదు.

పురోహితుడు చేయగలిగినదీ చాలా ఉంది. చీటీ రాయనని చెప్పడం మొదటి మెట్టు. ఒక అయ్యగారు కాదంటే ఇంకొకరి దగ్గరికి, అదీ కాదంటే ఫోన్లో ఉన్న పంచాంగం దగ్గరికి వెళ్తారు. కాబట్టి వద్దనడంతో సరిపోదు, ముహూర్తాన్ని ఉండాల్సిన చోటికి మళ్ళించాలి. చరకుడు చూపిన దారి అదే. నెల తప్పిన వెంటనే పేరు నమోదు చేయించడానికి మంచి రోజు చెప్పవచ్చు. సీమంతం రోజున రక్త పరీక్ష చేయించమనవచ్చు. అంగన్‌వాడీ కేంద్రాల్లో సీమంతాలు, అన్నప్రాశనలు ఇప్పటికే జరుగుతున్నాయి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి. గుడిలో, మసీదులో, చర్చిలో, తండా సేవాలాల్ గుడి దగ్గర ఆ తేదీ గుర్తు చేస్తే పంచాంగంలో లేని మంచి రోజు ఒకటి ఊరికి దొరుకుతుంది.

ఇంకో వైపు ప్రమాదం గురించి కూడా అయ్యగార్లే గట్టిగా చెప్పాలి. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోంది, వెంటనే ఆపరేషన్ చేయాలని డాక్టరు అంటే, రాహుకాలం పోనివ్వండి, అమావాస్య దాటనివ్వండి అని వేడుకునే ఇళ్ళున్నాయి. తొర్రూరు నుంచి వరంగల్ దాకా రోడ్డు మీద పోయే సమయం పోగా, దవాఖాన గేటు ముందు వర్జ్యం కోసం ఇంకో గంట ఆగితే మిగిలేది ఏముంటుంది? ఆపద వచ్చినప్పుడు నియమాలు సడలుతాయని ధర్మశాస్త్రాలే ఆపద్ధర్మం చెప్పాయి. ఆ మాట డాక్టరు నోట వస్తే బెదిరింపులా వినిపిస్తుంది. అయ్యగారి నోట వస్తే అనుమతిలా వినిపిస్తుంది.

ఇంత చర్చలో ఒక మనిషి గొంతు వినపడలేదు. చీటీ అత్తమామలు తెచ్చారు, తేదీ డాక్టరు ఖాయం చేశారు, సంతకం భర్త పెట్టాడు. కన్న మనిషిని అడిగిందెవరు? ఆమె కూడా ముహూర్తమే కావాలనవచ్చు. చాలామంది అంటారు, నొప్పులు తప్పుతాయని. ఆ భయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాన్పు గదుల్లో అరుపులు, కసురులు, ఒంటరితనం గురించి అక్కచెల్లెళ్ళ నుంచి విన్న పిల్ల కత్తినే మేలనుకుంటే ఆ తప్పు ఆమెది కాదు. కాన్పు గదిలో ఆమెకు నచ్చిన తోడు మనిషిని ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. ముహూర్తం వద్దని పురోహితుణ్ణి ఒప్పించిన ప్రతి చోటా ఆ తోడుకు చోటు, నొప్పి తగ్గించే ఏర్పాటు, రాత్రి డ్యూటీలో మిడ్‌వైఫ్ ఉండేలా చూడటం సర్కారు వంతు. తండా నుంచి మొదటి కాన్పుకు వచ్చిన పిల్ల పక్కన ఆమె భాషలో మాట్లాడే ఆశ కార్యకర్త కూర్చుని ఉంటే, ఎన్ని గంటలైనా ఆగుదామని ఆ పిల్లే అంటుంది.